“మాత్రే కదా!”

అక్కకు రొమ్ము క్యాన్సర్‌కు పాల్బోసిక్లిబ్ అనే మాత్ర మొదలుపెట్టారని తెలిసి చూడటానికి వచ్చినవాళ్లంతా, ఎక్కడో కూడబలుక్కుని వచ్చినట్టు ఒకే మాట అన్నారు. “కీమో కాదుగా, మాత్రే కదా!” ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. మొదట్లో అక్క కూడా నవ్వుతూ తలూపేది. మూడో నెల వచ్చేసరికి ఆ మాట చెవిన పడితే చాలు, లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేది. మధ్యాహ్నం మంచం దిగలేని నీరసానికి ఆమె దగ్గర సంజాయిషీ లేకుండా చేసింది ఆ మాటే. చేతికి సెలైన్ లేదు, తల బోడి కాలేదు, ఆసుపత్రిలో పడుకోలేదు. మరి ఈ పడక దేనికి?

నా తగాదా ఆ మాటతో. మందుతో కాదు. దుష్ప్రభావాల గురించి తక్కువ చెబితే రోగికి ధైర్యంగా ఉంటుందని ఇంట్లోవాళ్లూ నమ్ముతారు, కొందరు వైద్యులూ నమ్ముతారు. రెండేళ్లుగా అక్క పక్కన కూర్చుని చూసిన తర్వాత, అది దయ కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మాత్ర చేసే పని చెప్పాలి.

ఒక కణం రెండు కావాలంటే కొన్ని గడపలు దాటాలి. మొదటి గడపకు అడ్డంగా ఆర్‌బి అనే ప్రొటీన్ కూర్చుని ఉంటుంది. సీడీకే 4, సీడీకే 6 అనే రెండు ఎంజైములు దాన్ని పక్కకు తప్పిస్తేనే కణం లోపలికి వెళ్లి తన డీఎన్‌ఏకు నకలు తీసుకోగలదు. ఆ ఎంజైములకు సైక్లిన్ అనే మరో ప్రొటీన్ తోడు ఉండాలి. ఈస్ట్రోజన్ మీద ఆధారపడి పెరిగే రొమ్ము క్యాన్సర్‌లో ఆ హార్మోనే సైక్లిన్‌ను ఎగదోస్తూ గడప తెరిపిస్తూ ఉంటుంది. లెట్రోజోల్ అనే పాత మాత్ర ఒంట్లో ఈస్ట్రోజన్ తయారు కాకుండా చూస్తుంది. పాల్బోసిక్లిబ్ ఆ రెండు ఎంజైముల చేతులు కట్టేస్తుంది. ఒకటి కబురు రానివ్వదు, ఇంకొకటి తలుపు తీయనివ్వదు. అందుకే రెండూ కలిపి ఇస్తారు. లెట్రోజోల్ పని చేయడం మానేసినవాళ్లకు దాని బదులు ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్ జత చేస్తారు. కణాల మీద హార్మోనును అందుకునే గ్రాహకాలు ఉండి, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేని రకానికి, అదీ రొమ్ము దాటి వేరే అవయవాలకు పాకినప్పుడు, ఈ మందు వాడతారు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ రకమే. మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాళ్లకూ ఈ మందు వాడటానికి అనుమతించింది.

సైక్లిన్ కథ నాకు భలే ఇష్టం. 1982లో టిమ్ హంట్ అనే శాస్త్రవేత్త సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్లలో ఒక ప్రొటీన్ క్రమంగా పెరుగుతూ, కణం చీలే వేళకు ఉన్నట్టుండి మాయమవడం గమనించాడు. ఆ చక్రగతి నుంచే దానికి సైక్లిన్ అనే పేరు వచ్చింది. 2001లో లీలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్‌లతో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. మరోపక్క ఒక ఔషధ కంపెనీ ప్రయోగశాలలో ‘పీడీ 0332991’ అనే నంబరుతో ఒక రసాయనం పుట్టింది. దానితో ఏ క్యాన్సర్‌ను కొట్టాలో తేలడానికే కొన్నేళ్లు పట్టింది. లాస్ ఏంజెలెస్‌లో రిచర్డ్ ఫిన్, డెన్నిస్ స్లామన్‌ల బృందం దాన్ని రకరకాల రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరీక్షించి, ఈస్ట్రోజన్ గ్రాహకాలున్న కణాలే దీనికి ఎక్కువ లొంగుతున్నాయని 2009లో ప్రచురించింది. 2015 ఫిబ్రవరిలో మందుకు అనుమతి వచ్చింది. సముద్రపు గుడ్డు నుంచి అక్క మాత్రల పెట్టె దాకా 33 ఏళ్లు. “మాత్రే కదా” అన్నప్పుడు నాకు ఒళ్లు మండటానికి ఇదీ ఒక కారణం.

ఇక అసలు చిక్కు ‘టార్గెటెడ్’ అనే మాటలో ఉంది. గురిచూసి కొట్టే మందు అనగానే, బాణం క్యాన్సర్‌కే తగులుతుంది, మిగతా ఒళ్లంతా క్షేమం అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. కానీ ఈ మందు గురి క్యాన్సర్ మీద కాదు, ఆ రెండు ఎంజైముల మీద. ఆ ఎంజైములు క్యాన్సర్ సొత్తేమీ కావు. ఎముక మజ్జలో తెల్లకణాలు పుట్టడానికీ అవే కావాలి, ముఖ్యంగా సీడీకే 6. కాబట్టి మందు పని చేసినంతసేపూ మజ్జ కూడా తలుపు దగ్గర ఆగి నిలబడుతుంది. తెల్లకణాల లెక్క, అంటే కౌంట్, పడిపోవడం బాణం గురి తప్పడం వల్ల కాదు. గురి కుదరడం వల్లే. ఈ ఒక్క సంగతి మాకు ముందే తెలిసి ఉంటే ఒక రాత్రి మిగిలేది.

ఆ రాత్రి సంగతి ఇది. మొదటి విడత పదిహేనో రోజున రక్తపరీక్ష చేయించాం. సాయంత్రం ఏడింటికి రిపోర్టు ఫోనుకు వచ్చింది. న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు, 820. పక్కన ఎర్రటి బాణం గుర్తు, కిందకు. ఉండాల్సింది కనీసం పదిహేను వందలకు పైన. మా కుటుంబంలో ఒకరికి ఏళ్ల కిందట కీమోలో కౌంట్ ఇలాగే పడిపోయి, జ్వరం వచ్చి, వారం పాటు ఐసీయూలో ఉన్నారు. మా అందరి మనసులోనూ అదే మెదిలింది. అక్కను ఒక గదిలో ఉంచి తలుపు మూశాం. బావగారు మాస్కు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడారు. ఆరోజు వేసుకోవాల్సిన మాత్ర వేయాలా, మానాలా అని మేం ముగ్గురం వాదించుకున్నాం. అక్క మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. నిద్రపోలేదని మర్నాడు చెప్పింది.

పొద్దున్నే డాక్టరుగారికి ఫోను చేస్తే ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న. “జ్వరం ఉందా అమ్మా?” లేదన్నాను. “అయితే మిగతా మాత్రలు పూర్తి చేయండి. 22వ రోజున మళ్లీ పరీక్ష చేయిద్దాం. ఈ మందుకు ఇలాగే పడుతుంది.” అంతే, అర నిమిషం. అదే అర నిమిషం పదిహేను రోజుల ముందు, చీటీ రాసిచ్చేటప్పుడు దొరికి ఉంటే! ఆవిడ మంచి డాక్టరు, ఇప్పటికీ మా నమ్మకం ఆవిడ మీదే. భయపెట్టకూడదనే చెప్పలేదని తర్వాత ఆవిడే అన్నారు.

అప్పుడు కూర్చుని చదివాను. 666 మంది మహిళలతో చేసిన పలోమా-2 అనే క్లినికల్ పరీక్షలో, ఈ మందు తీసుకున్న ప్రతి వందమందిలో దాదాపు 80 మందికి న్యూట్రోఫిల్స్ తగ్గాయి. 66 మందికి బాగా తగ్గాయి, అంటే వెయ్యి లోపుకు. ఈ అంకె ఒంటరిగా చూస్తే గుండె ఆగుతుంది. కానీ దాని పక్కనే ఇంకో అంకె ఉంది. కౌంట్ పడి, దానితోపాటు జ్వరం కూడా వచ్చినవాళ్లు వందకు ఇద్దరు కూడా లేరు. కీమో మజ్జలోని కణాలను చంపుతుంది, పాల్బోసిక్లిబ్ ఆపుతుంది. చచ్చినవాటి స్థానంలో కొత్తవి పుట్టాలంటే సమయం పడుతుంది. ఆగినవి మందు ఆపగానే కదులుతాయి. 21 రోజులు వేసుకుని 7 రోజులు మానడం అందుకే. ఆ ఏడు రోజులు మజ్జకు ఊపిరి పీల్చుకునే విరామం. 820 అన్న అంకె అదే, దాని అర్థం వేరు. మా ఇంట్లో ఆ రాత్రి మేం చదివింది పాత అర్థం.

ఇది విని మరీ తేలిగ్గా తీసుకోవద్దు. కౌంట్ తక్కువగా ఉన్నప్పుడు 100.4 దాటిన జ్వరం వస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కౌంట్ 500 కంటే కిందకు పోతే మందు ఆపి, కోలుకున్నాక డోసు తగ్గిస్తారు. విడత మొదలయ్యే రోజున వెయ్యికి తక్కువ ఉంటే ఆ విడత వాయిదా వేస్తారు. అందుకే ప్రతి విడతకు ముందు, మొదటి రెండు విడతల్లో పదిహేనో రోజున కూడా, రక్తపరీక్ష తప్పనిసరి. మాత్రే కదా అని పరీక్ష ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు. ఆ మాట చేసే చెడుగుల్లో ఇది మొదటిది.

రెండోది మా అక్కే చేసింది. ఐదో నెలలో అన్నం ముద్దలు చిన్నవి అవుతున్నాయని గమనించాను. ఆకలి లేదంటే సరేననుకున్నాను. ఒకరోజు పళ్లు తోముకుంటూ అద్దంలో నాలుక పక్కకు తిప్పి చూసుకుంటుంటే వెనక నుంచి నా కంట పడింది. బుగ్గ లోపల రెండు తెల్లని పుండ్లు, చుట్టూ ఎర్రగా. నోరు పూసి మూడు వారాలైందట. ఎందుకు చెప్పలేదంటే, “చెబితే మందు ఆపేస్తారేమో” అంది. చిన్నపిల్ల దొంగతనం ఒప్పుకున్నట్టు తల వంచుకుని అంది.

ఆ భయం ఎంత తప్పో అంకెలే చెబుతాయి. అదే పరీక్షలో దుష్ప్రభావాల వల్ల డోసు తగ్గించాల్సి వచ్చినవాళ్లు వందకు 36 మంది. మందు పూర్తిగా మానేయాల్సి వచ్చినవాళ్లు పదిమంది కూడా లేరు. నోటి పూత వందకు 30 మందికి వచ్చింది. పుక్కిలించే మందుకే చాలామందికి తగ్గిపోతుంది. మరి అక్కకు ఆ భయం ఎక్కడిది? “ఈ మందుకు ఏ ఇబ్బందీ ఉండదు” అని అందరూ అన్నారు కాబట్టి, ఇబ్బంది వచ్చిందంటే లోపం తనలోనే ఉందనుకుంది. అందరూ సులువుగా దాటేదాన్ని తాను దాటలేకపోతున్నానని సిగ్గుపడింది. పుండ్లకంటే ఆ సిగ్గే ఆమెను ఎక్కువ తిననివ్వలేదు.

మూడో సంగతి నా మీదకే వస్తుంది. అక్కకు దగ్గు మొదలైతే దగ్గర్లో ఉన్న వేరే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని ఆయన అడిగారు. పాపం, సరైన ప్రశ్నే. “క్యాన్సర్‌కు ఏదో మాత్ర” అంది అక్క. నేను పక్కనే ఉండి కూడా పేరు చెప్పలేదు. ఆయన క్లారిత్రోమైసిన్ రాశారు. ఇంటికొచ్చాక మందు పెట్టెలోని కాగితంలో ఆ పేరు ఎక్కడో చూసిన గుర్తు వచ్చి తిరగేస్తే, కలపకూడని వాటిలో ఉంది. పాల్బోసిక్లిబ్‌ను కరిగించేది కాలేయంలోని సీవైపీ 3ఏ4 అనే ఎంజైము. క్లారిత్రోమైసిన్ దాన్ని అణిచేస్తుంది. అప్పుడు వేసుకున్న డోసే ఒంట్లో పేరుకుని పెద్ద డోసు అవుతుంది. శిలీంధ్రాలకు వాడే కొన్ని మందులూ, గ్రేప్‌ఫ్రూట్ కూడా ఇదే పని చేస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ దీనికి సరిగ్గా తలకిందులు. మందును పని చేయకముందే ఖర్చు చేసేస్తాయి. అయినా అసలు తప్పు అది కూడా కాదు. ఆ దగ్గు గురించి మొదట చెప్పాల్సింది క్యాన్సర్ డాక్టరుకే. ఈ జాతి మందులు అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయి. కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే ముందు అది కాదని తేల్చుకోవాలి. అక్కది మామూలు దగ్గే అయింది. మా తెలివి వల్ల కాదు, అదృష్టం వల్ల.

“ఇవన్నీ చెబితే రోగి బెంబేలెత్తిపోతుంది, లేని బాధ కూడా ఉన్నట్టు తోస్తుంది” అంటారు. ఈ మాటలో నిజం ఉంది, దాటవేయను. పలోమా-2లో ఉత్తుత్తి మాత్రతో లెట్రోజోల్ తీసుకున్నవాళ్లలో కూడా వందకు 27 మందికి నీరసం వచ్చింది. అసలు మందు తీసుకున్నవాళ్లలో 37 మందికి. వికారం 26 మందికి, 35 మందికి. జుట్టు పలచబడటం 16 మందికి, 33 మందికి. అంటే రోగి చెప్పే ప్రతి బాధా ఈ మాత్ర పుణ్యమే కాదు. కొంత జబ్బుది, కొంత లెట్రోజోల్‌ది, కొంత దిగులుది. కీళ్ల నొప్పులు, ఒంట్లో ఉన్నట్టుండి ఎగసే ఆవిర్లు, ఎముకలు పలచబడటం, ఇంకా ఎవరూ అడగని, ఎవరూ చెప్పని కొన్ని సంగతులు, ఎక్కువగా లెట్రోజోల్ లెక్కలోకే వస్తాయి. మేమేమో అన్నీ కొత్త మాత్ర ఖాతాలో రాశాం.

కానీ ఈ నిజం నా వాదననే బలపరుస్తుంది. ఏది దేనివల్ల వస్తుందో తెలియనప్పుడే మనసు అన్నింటినీ కలిపి ఒక భూతాన్ని చేసుకుంటుంది. భయపెట్టేది చెప్పడం కాదు, వరస లేకుండా చెప్పడం. పెట్టెలో మడతపెట్టిన ఆ కాగితాన్నే చూడండి. చీమ తలకాయంత అక్షరాల్లో, వందలో ఎనభైమందికి వచ్చేదీ, వేలల్లో ఒకరికి వచ్చేదీ ఒకే పంక్తిలో భుజాలు రాసుకుంటూ కూర్చుంటాయి. అది రోగి కోసం రాసింది కాదు, రేపు కోర్టులో చూపించడానికి రాసింది అనిపిస్తుంది నాకు. రోగికి కావాల్సింది మూడే ముక్కలు: తరచుగా వచ్చి దానంతట అదే పోయేది ఏది, వారంలోగా చెప్పాల్సింది ఏది, రాత్రికి రాత్రే పరుగెత్తాల్సింది ఏది. మాతృభాషలో ఒక పేజీ చాలు. ఇంత గొప్ప మందును తయారుచేసిన మనుషులకు ఆ ఒక్క పేజీ ఎందుకు బరువైందో నాకు అర్థం కాదు.

ఇదే జాతిలో ఎక్కువగా వాడే ఇంకో రెండు మందులున్నాయి, వాటి పద్ధతి వేరు. రైబోసిక్లిబ్ గుండె లయను మార్చవచ్చు కాబట్టి ఈసీజీ తీయిస్తారు, కాలేయ పరీక్షలూ చేయిస్తారు. అబెమాసిక్లిబ్ విరామం లేకుండా రోజుకు రెండు పూటలా వేసుకునేది. కౌంట్‌ను తక్కువగా, పొట్టను ఎక్కువగా పట్టుకుంటుంది. నీళ్ల విరేచనాలకు మందు ముందే ఇంట్లో పెట్టుకోవాలి. పక్కింటావిడ అనుభవం మన మాత్రకు వర్తించాలని లేదు, పేర్ల చివర ‘సిక్లిబ్’ ఒకటే అయినా సరే.

దుష్ప్రభావాలు నిజాయితీగా చెప్పమని అడిగేవాళ్లం, లాభం గురించీ అంతే నిజాయితీ అడగాలి. పలోమా-2లో లెట్రోజోల్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగంమందికి 14.5 నెలల్లోపు జబ్బు ముదిరింది. పాల్బోసిక్లిబ్ కలిపినవాళ్లలో ఆ సగం గీత 24.8 నెలలకు జరిగింది. పది నెలలు. కానీ మొత్తం ఆయుష్షు లెక్కకు వస్తే ఆ సగం గీత పాల్బోసిక్లిబ్ కలిపినవాళ్లకు 53.9 నెలలు, కలపనివాళ్లకు 51.2 నెలలు, ఆ తేడా గణాంకాల గీటురాయికి నిలవలేదు. రైబోసిక్లిబ్‌తో చేసిన వేరే పరీక్షలో మందు కలిపినవాళ్లకు 63.9, కలపనివాళ్లకు 51.4 నెలలు వచ్చి ఆయుష్షు పెరిగినట్టు తేలింది. రెండు పరీక్షల్లోనూ రోగులు వేరు, కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం కుదరదు. అయినా ఇది తెలుసుకునే హక్కు మందు మింగే మనిషికి ఉంది. నేను అక్కకు చెప్పాను. చాలాసేపు ఊరుకుంది. “పది నెలలు స్కాన్‌లో ఏమీ కదలకుండా ఉండటం కూడా బతుకే కదా” అంది. అక్కకు ఇప్పుడు 22 నెలలు నడుస్తున్నాయి. ఆ పది నెలలను చిన్నవి అనేవాళ్లెవరూ స్కాన్ గది బయట రిపోర్టు కోసం కూర్చుని ఉండరు.

నోటి పూత బయటపడ్డాక ఒక నోటుపుస్తకం కొన్నాం. ఏ రోజు మాత్ర వేసుకుంది, ఎన్నింటికి, జ్వరం, నోరు, నిద్ర. ఒకరోజు మాత్ర మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు, ఆ గడి ఖాళీగా వదిలేయాలి. మొదటిసారి గడి ఖాళీగా మిగిలిన రోజున అక్క దాని మీద చిన్న సున్నా చుట్టి, పక్కన “మర్చిపోయాను, నా తప్పే” అని రాసింది. ఆ రెండో మాట నేను కొట్టేశాను.

తర్వాతిసారి డాక్టరుగారి దగ్గరకు ఆ పుస్తకం పట్టుకెళ్లాం. అక్క చదువుతూ పోయింది, ఆవిడ రాసుకుంటూ పోయారు. డోసు 125 నుంచి 100కు తగ్గించారు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి, ఓడిపోయినట్టు. “తగ్గించడం అంటే వెనక్కి వెళ్లడం కాదమ్మా. మీ ఒంటికి సరిపోయే కొలత ఇది. ఆపేయకుండా ఎక్కువ కాలం వాడటానికే తగ్గిస్తున్నా” అన్నారు డాక్టరుగారు. తర్వాత కలం పక్కన పెట్టి, “ఇంకా?” అన్నారు.

అక్క పుస్తకం మూసింది. ఏమీ లేదంది.

“ఇంకా?” అన్నారు ఆవిడ మళ్లీ, ఈసారి కొంచెం ముందుకు వంగి.

అక్క నావైపు చూసింది. “నువ్వు కాసేపు బయట కూర్చోవే” అంది. లేచి వచ్చేశాను. వరండాలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకున్నారో అక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. తలుపు తీసుకుని వచ్చేటప్పటికి పావుగంట అయింది. చేతిలో ఇంకో చీటీ ఉంది, నాలుగు మడతలు పెట్టి. దారంతా ఆ చీటీని గుప్పిట్లోనే ఉంచుకుంది. బండి దిగేటప్పుడు మాత్రం, ఇంటికెవరైనా వచ్చి ఉంటే తాను పడుకుందని చెప్పమంది.